పోరు కాదండీ, ఘర్షణ!

శాంతి పరిరక్షణకు పరాయి గడ్డ మీదికి వెళ్లే ఏ సైన్యమైనా నీళ్ల ట్యాంకరు, దోమతెరలు, తూటాల పెట్టెలు సర్దుకుంటుంది. జపాన్ వాళ్లు వీటితో పాటు ఒక నిఘంటువు కూడా సర్దుకుంటారు. మిగతావి దారిలో పోయినా పక్క దేశపు దళాన్ని అడిగి తెచ్చుకోవచ్చు. నిఘంటువులో ఒక్క మాట తప్పితే మాత్రం టోక్యోలో రక్షణ మంత్రి కుర్చీ కదులుతుంది. 2017లో కదలడమే కాదు, ఖాళీ కూడా అయింది. పరాయి దేశంలో బలం వాడాలా వద్దా అని తల బద్దలు కొట్టుకుంటున్న ప్రభుత్వాలన్నీ ఈ పద్ధతిని శ్రద్ధగా చదువుకోవాలని మా విన్నపం. పామూ చావకుండా కర్రా విరగకుండా పని జరపడం మనకు సామెతగానే తెలుసు. వాళ్లు దాన్ని అధికరణలు, ఉపాధికరణలతో సహా చట్టం చేసి పెట్టారు.

మొదట పదజాలం. 1947 మే 3న అమల్లోకి వచ్చిన జపాన్ రాజ్యాంగం 9వ అధికరణంలో యుద్ధాన్ని శాశ్వతంగా వదులుకుంది. పదాతి, నౌకా, వైమానిక దళాలు గానీ మరే యుద్ధశక్తి గానీ ఉంచుకోబోమని రాసిచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి పక్కనే కొరియాలో యుద్ధం వచ్చిపడింది. జపాన్‌లో ఉన్న అమెరికన్ సేనలు అటు తరలిపోవడంతో 75,000 మందితో ‘జాతీయ పోలీసు రిజర్వు’ పెట్టారు. పోలీసులన్నాక ట్యాంకులు ఉండకూడదు. ట్యాంకులేమో వచ్చేశాయి. అందుకని వాటికి ‘ప్రత్యేక వాహనాలు’ అని నామకరణం చేశారు. ఆ పేరు 1960ల తొలినాళ్ల దాకా నిలిచింది. 1954 నాటికి ఆ పోలీసు రిజర్వే పెరిగి పెద్దదై ‘స్వీయరక్షణ దళం’గా మారింది. అందులో పదాతి దళానికి ‘సాధారణ శాఖ’ అని పేరు పెట్టారు. ఫిరంగులు ‘ప్రత్యేక శాఖ’. వంతెనలు కట్టే ఇంజనీర్లు ‘సదుపాయాల శాఖ’. డిస్ట్రాయర్ అనరు, ‘రక్షక నౌక’ అంటారు. ఆ లెక్కన 248 మీటర్ల పొడవు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదునైన డెక్కు, ఎఫ్-35బి విమానాల వేడిని తట్టుకునేలా మార్పులు చేయించుకున్న ఇజుమో కూడా రక్షక నౌకే అయింది. విమానాలు దిగుతున్నాయి కదా, విమానవాహక నౌక అంటే పోలా అని అడిగేవాళ్లకు భాష మీద పట్టు చాలదని అర్థం.

ఇదంతా ఇంట్లో జరిగిన బారసాల. పరాయి దేశానికి వెళ్లవలసిన అవసరం 1991 గల్ఫ్ యుద్ధంతో వచ్చింది. ఆ యుద్ధానికి జపాన్ దాదాపు 1,300 కోట్ల డాలర్లు ఇచ్చింది, సైనికులను పంపలేదు. యుద్ధం అయ్యాక కువైట్ అమెరికా పత్రికల్లో కృతజ్ఞతలు చెబుతూ ప్రకటన వేయించింది. అందులో చాలా దేశాల పేర్లున్నాయి, జపాన్ పేరు లేదు. పెట్టిన చెయ్యిని మర్చిపోవడం లోకంలో మామూలే గానీ, టోక్యో మాత్రం ఆ ప్రకటనను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 6 ఓడలు బయల్దేరి వెళ్లి గల్ఫ్ నీళ్లలో 34 మందుపాతరలను నాశనం చేశాయి. అది బలప్రయోగం కాదా అంటే, కాదు. యుద్ధం నడుస్తుండగా తీస్తే మందుపాతర. యుద్ధం ముగిశాక తీస్తే అది ఎవరో సముద్రంలో వదిలేసిపోయిన ప్రమాదకరమైన వస్తువు.

మరుసటి ఏడాది శాంతి పరిరక్షణ సహకార చట్టం వచ్చింది. ఎగువ సభలో ప్రతిపక్షం దాన్ని ఎద్దునడకతో అడ్డుకుంది. ఇది మా పోలిక అనుకునేరు. అక్కడి పార్లమెంటు పరిభాషలోనే దీన్ని ‘గ్యూహో’, అంటే ఎద్దునడక అంటారు. పేరు పిలిచి ఓటు వేయించేటప్పుడు సభ్యుడు వేదిక దాకా నడిచి వెళ్లి చీటీ ఇవ్వాలి. ఎంత వేగంగా నడవాలో నిబంధనల్లో లేదు. కాబట్టి అడుగులో అడుగు వేసుకుంటూ గంటల తరబడి, రాత్రిళ్లకు రాత్రిళ్లు నడిచారు. 1992 జూన్ 15న చట్టం గట్టెక్కింది. ఆ తర్వాత దాని కింద జరిగిన ప్రతి పనిలోనూ ఈ నడక లక్షణం కనిపిస్తుంది, అది వేరే సంగతి.

చట్టానికి అయిదు సూత్రాలు ఆయువుపట్టు. పోరాడుకున్న పక్షాల మధ్య కాల్పుల విరమణ ఒప్పందం కుదిరి ఉండాలి. ఆతిథ్య దేశమూ, ఆ పక్షాలూ ఐక్యరాజ్యసమితి దళాన్నీ, అందులో జపాన్‌నీ రానివ్వడానికి ఒప్పుకోవాలి. దళం ఎవరి వైపూ మొగ్గకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా జపాన్ దళం పని ఆపేసి ఇంటికి రావచ్చు. ఇక అయిదోది: ఆయుధం వాడితే సిబ్బంది ప్రాణాలు కాపాడుకోవడానికే వాడాలి, అదీ కనీస అవసరం మేరకే. వాన లేనప్పుడు గొడుగు తెరవాలి, చినుకు పడగానే మూసి ఇంటిదారి పట్టాలి అన్నమాట. గొడుగు పాడవకుండా ఉండటానికి ఇంతకు మించిన పద్ధతి లేదు.

అయిదో సూత్రం దగ్గర కాసేపు ఆగాలి. రాజ్యాంగం వద్దన్నది ‘బలప్రయోగం’. అందుకని చట్టంలో ‘ఆయుధాల వాడకం’ అని రాశారు. ప్రభుత్వం ఈ రెంటికీ 1991లోనే తేడా తేల్చి చెప్పింది. అంతర్జాతీయ సాయుధ సంఘర్షణలో భాగంగా దేశం తన మనుషులనూ సరంజామానూ కూడగట్టి చేసే పోరు బలప్రయోగం. ఒక మనిషి తన ప్రాణం మీదికి వస్తే తుపాకీ పేల్చడం ఆయుధ వాడకం. అది ప్రకృతి ఇచ్చిన హక్కు, రాజ్యాంగానికి దాంతో పేచీ లేదు. ఈ తర్కాన్ని చివరి మెట్టు దాకా నడిపించారు. 1992 చట్టం ప్రకారం కాల్చాలో వద్దో ప్రతి సైనికుడూ ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. పై అధికారి “కాల్చండి” అని ఆజ్ఞ ఇచ్చాడంటే అది వ్యవస్థ చేసిన పని అయిపోతుంది, బలప్రయోగం వాసన కొడుతుంది. ఆరేళ్ల పాటు జపాన్ దళం ఈ నియమంతోనే పరదేశాల్లో తిరిగింది. పొద్దున లేవమని ఆజ్ఞ, తినమని ఆజ్ఞ, పడుకోమని ఆజ్ఞ. కాల్చడం ఒక్కటే సొంత ఇష్టం.

సైనిక వృత్తిలో ఉన్నవాళ్లకు ఇందులో చిక్కేమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాం. కాల్పుల క్రమశిక్షణ అంటే ఎవరు, ఎటు, ఎప్పుడు మొదలుపెట్టాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు ఆపాలో ఒక్క గొంతు చెప్పడం. ఆ గొంతు తీసేస్తే మొదట పేల్చేవాడు అందరికంటే ఎక్కువ భయపడ్డవాడు. వాడు పేల్చాడు గనక పక్కవాడికీ ప్రాణభయం మొదలవుతుంది. ముప్ఫై మంది ముప్ఫై విడివిడి ఆత్మరక్షణలు చేసుకుంటారు. అటువైపు వాడికి మాత్రం ఇవి ముప్ఫై ఆత్మరక్షణలుగా వినిపించవు, ఒకే దాడిగా వినిపిస్తాయి. చివరికి 1998లో చట్టాన్ని సవరించి, పై అధికారి అక్కడే ఉంటే అతని ఆజ్ఞ మీదే కాల్చాలన్నారు. ఆరేళ్లు వ్యవస్థ వాసన కొట్టిన ఆజ్ఞ రాత్రికి రాత్రి గందరగోళాన్ని నివారించే పద్ధతి అయిపోయింది. అర్థం మార్చుకోలేని నిఘంటువు ఎందుకు పనికొస్తుంది?

ఈ మధ్యలో కంబోడియా ఉంది. 1992 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు, విడతకు 600 మంది చొప్పున రెండు విడతలుగా ఇంజనీర్లు తకేవ్‌లో దిగి రోడ్లూ వంతెనలూ బాగు చేశారు. బాగానే చేశారు. 1993 ఏప్రిల్‌లో ఐరాస తరఫున ఎన్నికల పని చేస్తున్న జపాన్ యువకుడొకరు, మే నెలలో జపాన్ పోలీసు అధికారి ఒకరు హత్యకు గురయ్యారు. పోలింగ్ దగ్గర పడింది. తమ దేశం నుంచి వచ్చిన ఎన్నికల పరిశీలకులను చూస్తూ చూస్తూ వదిలెయ్యలేరు. గస్తీ తిరుగుదామంటే చట్టంలో ఇంజనీర్లకు గస్తీ పని లేదు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసమన్నాడట ఒకాయన. ఇనుప టోపీలు పెట్టుకుని, తుపాకులు పట్టుకుని జపాన్ దళం పోలింగ్ కేంద్రాల చుట్టూ తిరిగింది. కాగితాల మీద మాత్రం అది రోడ్లు, వంతెనల స్థితిగతులపై ‘సమాచార సేకరణ’. కొన్నిచోట్లకు నీళ్లూ తిండీ చేరవెయ్యడం. ఈ ‘సమాచార సేకరణ’ అన్న మాటను గుర్తు పెట్టుకోండి, మళ్లీ తగులుతుంది.

1994లో అదే చట్టం కింద రువాండా శరణార్థుల సహాయానికి ఇప్పటి కాంగో, అప్పటి జైర్‌లోని గోమాకు దళం వెళ్లినప్పుడు టోక్యోలో పెద్ద చర్చ నడిచింది. శరణార్థుల సంఖ్య గురించి కాదు, కలరా గురించీ కాదు. మెషిన్ గన్లు ఎన్ని పట్టుకెళ్లాలన్నదాని గురించి. రెండా, ఒకటా? ఒకటి అని తేల్చారు. లెక్క తెలిసినవాళ్లు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. మెషిన్ గన్ ఎడతెరిపి లేకుండా పేలిస్తే గొట్టం కాగుతుంది, మార్చాలి. తూటా ఇరుక్కుంటుంది, తియ్యాలి. ఆ కాసేపూ రెండోది మాట్లాడాలి గనకే ఎక్కడైనా వాటిని జంటగా పెడతారు. శిబిరానికి దిక్కులు నాలుగు కూడా. ఒక్కటంటే అవసరమైన క్షణాన సున్నా. అయితే శాంతి కాముకతను గన్లలో కొలిచేటప్పుడు సున్నాకూ రెండుకూ మధ్య ఒకటి చాలా అందమైన అంకె. సంకీర్ణ ప్రభుత్వంలో అందరికీ సగం సగం దక్కింది.

2001 సవరణతో తనను, తోటి సైనికుణ్ని మాత్రమే కాక ‘తన సంరక్షణ కిందికి వచ్చినవారిని’ కూడా కాపాడవచ్చన్నారు. దీని భావం ఏమిటంటే, దాడికి గురవుతున్న సహాయ సంస్థ ఉద్యోగి పరుగెత్తుకుంటూ జపాన్ శిబిరం లోపలికి వస్తే కాపాడతారు. రోడ్డుకు అవతల ఉన్నంతసేపూ అతను ఇంకా సంరక్షణలోకి రాలేదు. ఆపదలో ఉన్నవాళ్లు కాస్త చొరవ చూపాలి.

తర్వాత ఇరాక్. అది ఐరాస దళం కూడా కాదు, 2003లో విడిగా చేసిన చట్టం కింద వెళ్లిన పని. ‘పోరు జరగని ప్రాంతం’లోనే పని చేయాలని షరతు. ఇరాక్‌లో అలాంటి ప్రాంతం ఏదని 2003 జూలైలో సభలో అడిగితే, ఎక్కడ జరుగుతుందో ఎక్కడ జరగదో నన్నడిగితే నాకేం తెలుస్తుందన్నారు ప్రధాని కొయిజుమి జునిచిరో. నిజాయితీకి నూటికి నూరు మార్కులు. 2004 నవంబరులో ఇంకో అడుగు ముందుకేసి, స్వీయరక్షణ దళం పని చేస్తున్న చోటే పోరు జరగని ప్రాంతం అని నిర్వచించారు. యుద్ధ భూగోళానికి ఇంత సులువైన పటం అంతకు ముందెవరూ గీయలేదు. దళాన్ని ఎక్కడ దింపితే అక్కడ శాంతి, ఎత్తేస్తే మళ్లీ ఇరాక్. ఆ పటం శత్రువులకు అందలేదో ఏమో, 2004 మొదలు 2006 జూలై దాకా దక్షిణ ఇరాక్‌లోని సమావా పట్టణంలో దళం వేసుకున్న శిబిరం మీద పదిసార్లకు పైగా మోర్టారు, రాకెట్ దాడులు జరిగాయి. ఒక్క ప్రాణం పోలేదు. అదృష్టమూ ఉంది, మంచి కందకాలూ ఉన్నాయి.

సమావాలో కాల్పులకు మెట్లు నాలుగు. ముందు నోటితో హెచ్చరించాలి. వినకపోతే తుపాకీ గొట్టం అతని వైపు తిప్పాలి. అప్పటికీ ఆగకపోతే మనిషికి తగలకుండా హెచ్చరికగా పేల్చాలి. ఆఖరున హాని కలిగేలా కాల్చవచ్చు. అదీ శిక్షాస్మృతిలో చెప్పిన ఆత్మరక్షణకో తప్పనిసరి ఆపద్ధర్మానికో సరిపోతేనే. ఈ మెట్లు ఇతర సైన్యాలకూ ఉన్నాయి, వెక్కిరించేవేమీ కావు. చిక్కంతా లెక్కలో ఉంది. బాంబు నింపిన కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు దాదాపు 17 మీటర్లు. వంద మీటర్ల దూరంలో కనిపిస్తే ఉన్నది ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో అరబ్బీలో అరవాలి, గొట్టం తిప్పాలి, గాల్లోకి పేల్చాలి, ఆపైన శిక్షాస్మృతి 36, 37 సెక్షన్లు మనసులో మననం చేసుకోవాలి. శిబిరాల ద్వారం ముందు వాహనం మెలికలు తిరిగేలా కాంక్రీటు దిమ్మెలు పెడతారు కదా, అవి కారును ఆపడానికని అందరూ అనుకుంటారు. నిజానికి చట్టానికి ఆయాసం తీర్చుకునే వ్యవధి ఇవ్వడానికే.

సరే, కాల్చాడు, గురి తప్పి పక్కన పోయే పౌరుడికి తగిలింది. ఇప్పుడు విచారణ ఎవరు చేస్తారు? ఆతిథ్య దేశపు న్యాయస్థానం చేయదు. ఒప్పందాల ప్రకారం సైనికుడి మీద అధికారం అతన్ని పంపిన దేశానిదే. జపాన్‌లో సైనిక న్యాయస్థానం లేదు. ప్రత్యేక న్యాయస్థానాలు పెట్టకూడదని రాజ్యాంగం 76వ అధికరణం. మామూలు కోర్టుకు పోదామంటే, విదేశంలో పౌరుడు చేసిన నేరాలకు జపాన్ శిక్షాస్మృతి వర్తించేది హత్యలాంటి కావాలని చేసిన నేరాల విషయంలోనే. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం ఆ జాబితాలో లేదు. అంటే కావాలని కాల్చి చంపితే హంతకుడు, పొరపాటున చంపితే ఎవరి లెక్కలోనూ లేని గాలి. సైన్యమని ఒప్పుకోని చోట సైనిక చట్టం రాయడం కుదరదు మరి.

సమావాలో జపాన్ శిబిరానికి రక్షణ మొదట డచ్చి సైనికులది, 2005 నుంచి బ్రిటిషు, ఆస్ట్రేలియా వాళ్లది. నీళ్లు శుద్ధి చేసే, బడులు బాగు చేసే సైన్యానికి మరో సైన్యం కాపలా. వాళ్ల మీద ఎవరైనా దాడి చేస్తే జపాన్ దళం వెళ్లి కాపాడవచ్చా? వీల్లేదు, అది సమష్టి బలప్రయోగం. అక్కడి తొలి దళానికి నాయకత్వం వహించి, ఆపై 2007లో ఎగువ సభకు ఎన్నికైన సతో మసహిసా ఆ గుట్టు విప్పారు. డచ్చి వాళ్ల మీద దాడి జరిగితే ‘సమాచార సేకరణ’ పేరుతో అక్కడికి వెళ్లి, కావాలనే కాల్పుల మధ్య ఇరుక్కుందామని ఆలోచించారట. ఇరుక్కున్నాక ప్రాణభయం వస్తుంది, ప్రాణభయం వచ్చాక ఆత్మరక్షణ వస్తుంది. దానికి స్వదేశంలో విచారిస్తే సంతోషంగా నిలబడతానన్నారు. దేశంలో పెద్ద దుమారం రేగింది. కంబోడియా నాటి దూడ గడ్డి ఇరాక్‌లోనూ పచ్చగా ఉందని దానితో తేలింది. తమాషా ఏమిటంటే, తోటివాణ్ని కాపాడాలనుకున్న అధికారికి చట్టం మిగిల్చిన ఏకైక దారి తూటాకు ఎదురెళ్లి నిలబడటం. అంత ప్రాణభయం ఉన్నవాడు అలా వెళ్తాడా అని ఏ న్యాయమూర్తీ అడగకుండా ఉంటే చాలు.

వైమానిక దళం సంగతి పొడిపొడిగా: సైనికులను బాగ్దాద్‌కు చేరవేసిన విమానాలు పరాయివారి బలప్రయోగంలో కలిసిపోయాయి, రాజ్యాంగ విరుద్ధమని 2008 ఏప్రిల్ 17న నగోయా హైకోర్టు తీర్పులో రాసింది. మర్నాడు వైమానిక దళాధిపతి తమోగామి తొషియో తన సైనికుల మనసును ఒక హాస్యనటుడి అప్పటి ఊతపదంతో వినిపించారు. తెలుగులో చెప్పాలంటే “అయితే నాకేంటి” అని.

ఇక దక్షిణ సూడాన్. సుమారు 350 మంది ఇంజనీర్లు 2012 నుంచి రాజధాని జూబాలో రోడ్ల పని చేశారు. 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది. బోర్‌లో ఉన్న దక్షిణ కొరియా దళానికి తూటాలు చాలక, జపాన్ ఐరాస ద్వారా 10,000 తూటాలు ఇచ్చింది. ఆయుధాలు గానీ తూటాలు గానీ ఇవ్వబోమని ఎన్నో ఏళ్లుగా సభలో చెబుతూ వచ్చిన మాటకు ఇది అత్యవసర మినహాయింపు. చూశారా ఎంత పొందికో: తన తూటాను తన సైనికుడు పేలిస్తే రాజ్యాంగ సంక్షోభం, పక్కవాడు పేలిస్తే మానవతా సహాయం. కొరియా వాళ్లు కూడా తక్కువ తినలేదు. సొంత దేశం నుంచి సరఫరా రాగానే జనవరిలో తిప్పి పంపేశారు.

2015 భద్రతా చట్టాలు ‘పరుగెత్తి వెళ్లి రక్షించడం’ అనే కొత్త విధిని కల్పించాయి. దూరాన దాడికి గురైన ఐరాస సిబ్బందినీ, సహాయ సంస్థల వాళ్లనూ వారు కోరితే వెళ్లి కాపాడవచ్చు. దూడ గడ్డి అక్కర్లేదు. కానీ ఒక్క మెలిక ఉంచారు. దాడి చేస్తున్నవాడు ‘దేశం గానీ, దేశంతో సమానమైన సంస్థ గానీ’ అయి ఉండకూడదు. దొంగల ముఠా అయితే కాల్పులు ఆయుధ వాడకం. దేశమైతే అవే కాల్పులు బలప్రయోగం. కాబట్టి అరుస్తూ వస్తున్న గుంపును ముందు నిలిపి, అయ్యా తమరికి ఒక పద్ధతైన నాయకత్వం ఉందా, చేతిలో కొంత భూభాగం ఉందా, లేక ఊరికే దోచుకుంటున్నారా అని కనుక్కోవాలి. ఇది మరీ మా అతిశయోక్తి అనుకోకండి. అంత సైన్యమున్న దక్షిణ సూడాన్ తిరుగుబాటు నేత రీక్ మచార్ వర్గాన్ని కూడా అలాంటి సంస్థ కాదని ప్రభుత్వం సభలో తేల్చింది. అయితే ఆతిథ్య ప్రభుత్వపు సైన్యమే దాడి చేస్తే? మనం రావడానికి ఒప్పుకున్న ప్రభుత్వం మన మీదికి రాదు గనక ఆ ప్రశ్న తలెత్తదన్నారు.

ఆ ప్రశ్న అప్పటికే తలెత్తి ఉంది. 2016 జూలైలో అధ్యక్షుడు సాల్వా కీర్ బలగాలకూ మచార్ బలగాలకూ మధ్య జూబాలో నాలుగు రోజులు నడిచిన దానిలో వందల మంది చనిపోయారు, ఇద్దరు చైనా శాంతి సైనికులతో సహా. జూలై 11న ప్రభుత్వ సైనికులు టెరెయిన్ అనే హోటల్ మీద పడి ఒక స్థానిక పాత్రికేయుణ్ని చంపారు, సహాయ సంస్థల మహిళలపై అత్యాచారాలు చేశారు. లోపలున్నవాళ్లు ఐరాసకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఐరాస శిబిరం కిలోమీటరు పైచిలుకు దూరంలోనే ఉంది. ఎవరూ కదల్లేదు. కదలనివాళ్లు జపాన్ ఇంజనీర్లు కాదు; కాల్చడానికి అన్ని అనుమతులూ చేతిలో ఉన్న పదాతి దళాలు. ఐరాస విచారణ జరిపించి దళాధిపతిని తప్పించింది. ఆయన దేశం కెన్యా అలిగి తన సైనికులను వెనక్కి పిలిపించుకుంది. అంతకు ముందు 2014లో ఐరాస అంతర్గత తనిఖీ విభాగం, 2010 నుంచి 2013 దాకా పౌరులపై జరిగిన 507 దాడుల్లో శాంతి సేనలు వెంటనే స్పందించినవి 101 అని లెక్క తేల్చింది. తక్కిన సైన్యాలు రాజధానికి ఫోన్ చేసి అడిగి చేయని పనిని జపాన్ ముందే గెజెట్‌లో ముద్రించి చేయడం లేదు. తేడా అంతే. దీన్ని పారదర్శకత అంటారు.

టెరెయిన్ ఉదంతానికి అయిదు నెలల తర్వాత, 2016 డిసెంబరు 12 నుంచి, జూబాలోని జపాన్ దళానికి పరుగెత్తి వెళ్లి రక్షించే విధి అధికారికంగా మొదలైంది. దేశంతో సమానమైన సంస్థ కాని దుండగులు, మిగతా దళాలేవీ అందుబాటులో లేని సమయంలో, దళం చేతనైనంత మేరకే. ఇతర దేశాల సైనికులను కాపాడే సందర్భం వస్తుందనుకోవడం లేదని ప్రభుత్వం ముందే చెప్పింది. టెరెయిన్‌కు ఈ కొలబద్ద పెట్టి చూస్తే, దాడి చేసినవాళ్లు యూనిఫాంలో ఉన్న ప్రభుత్వ సైనికులు. కాబట్టి పరుగెత్తకూడదు.

ఈలోగా ఒక పాత్రికేయుడు సమాచార హక్కు కింద జూబా దళం పంపిన జూలై నాటి రోజువారీ నివేదికలు అడిగాడు. పారేశామంది మంత్రిత్వ శాఖ. 2017 ఫిబ్రవరిలో కంప్యూటర్లలో దొరికాయి. వాటిలో శిబిరానికి గడియారపు ముల్లు లెక్కన 5, 6 గంటల దిక్కున తీవ్రంగా తుపాకీ కాల్పులని రాసి ఉంది. దారి తప్పిన తూటాలతో జాగ్రత్త అని ఉంది. అన్నిటికీ మించి ‘సెంతో’ అని ఉంది. సెంతో అంటే పోరు. పోరు ఉందంటే కాల్పుల విరమణ లేదు, అది లేదంటే మొదటి సూత్రం లేదు, మొదటి సూత్రం లేదంటే దళం ఇంట్లో ఉండాలి. ప్రభుత్వం అప్పటిదాకా వాడుతున్న మాట ‘సాయుధ ఘర్షణ’. సభలో నిలదీస్తే రక్షణ మంత్రి ఇనాద తొమోమి, చంపుకోవడాలు జరిగిన మాట నిజమే గానీ చట్టపరమైన అర్థంలో అది పోరు కాదన్నారు. రాజ్యాంగం 9వ అధికరణంతో చిక్కు తెచ్చే మాట వాడకూడదు గనకే ఘర్షణ అంటున్నామని కూడా చెప్పారు. ఏ దేశపు ఏ మంత్రీ తన భాషా విధానాన్ని ఇంత విప్పి చెప్పలేదు. మార్చిలో దళాన్ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రధాని అబే షింజో ప్రకటించారు. రోడ్ల పని ఒక కొలిక్కి వచ్చింది గనకట. మే నెలకల్లా అందరూ ఇల్లు చేరారు. జూలై 28న మంత్రి, మంత్రిత్వ శాఖ కార్యదర్శి పదవులు వదిలారు, ఆ వెంటే పదాతి దళాధిపతి కూడా. పోరులో కాదు, నివేదికల ఘర్షణలో.

మరుసటి వసంతానికి ఇరాక్ నాటి నివేదికలూ బయటపడ్డాయి. అవీ అంతకు ముందు లేవన్నవే, సుమారు 15,000 పుటలు. వాటిలోనూ సెంతో ఉంది. రాత్రి కాపలా దిగి నివేదిక రాసుకునే అధికారికి నిఘంటువు చేరలేదేమో, చెవిన పడ్డదే రాశాడు.

జూబా తర్వాత జపాన్ ఐరాస శాంతి దళాలకు ఒక్క దళాన్నీ పంపలేదు. ప్రధాన కార్యాలయాల్లో కూర్చునే అధికారులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉన్నారు. శాంతి దళాల ఖర్చులో 2022-24కు జపాన్ వాటా 8 శాతం పైన, అమెరికా, చైనాల తర్వాత మూడో స్థానం. కువైట్ ప్రకటన నాటి పద్ధతే, కాకపోతే ఈసారి పేరు రసీదులో ఉంటుంది.

నివేదికల విషయంలో మాత్రం సంస్కరణ జరిగింది. ఏడాది తిరక్కుండా ఎప్పుడు పడితే అప్పుడు పారేయగలిగిన కాగితాలను ఇకపై 10 ఏళ్లు దాచి, ఆ తర్వాత జాతీయ పత్ర భాండాగారానికి పంపాలని నియమం పెట్టారు. ఈ లెక్కన ఈసారి ఎక్కడైనా ఎవరైనా నిద్రమత్తులో సెంతో అని రాస్తే, ఆ మాట రక్షణ మంత్రుల కంటే ఎక్కువ కాలం పదవిలో ఉంటుంది.